బెనిఫిట్ ఆఫ్ డౌట్

మా బి.ఇడి. కాలేజీ పూర్వ విద్యార్థుల సంఘం వారు సావనీరు వేస్తూ, "విదేశాల్లో ఇంటర్నేషనల్ స్కూలు ఉద్యోగం - లాభాలు" అన్న విషయం మీద ఒక వ్యాసం రాసిమ్మని నన్నడిగారు. మా బ్యాచిలో విమానమెక్కి వెళ్ళి పాఠం చెప్పినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి ఆ బాధ్యత నా మీద పడింది. అడిగారు కనుక ఉన్నదున్నట్టు రాస్తున్నాను. దేశం పేరు మాత్రం రాయను. అగ్రిమెంటులో పదమూడో క్లాజు ఒప్పుకోదు. ఎండ ఎక్కువ, చెట్లు తక్కువ, ఆ ఉన్న చెట్లకి కూడా ఏసీ పెట్టే ఆలోచన ఉంది అని మాత్రం చెప్పొచ్చు.

అగ్రిమెంటు వెనక ఒక గులాబిరంగు కాగితం కుట్టి ఉంటుంది. దాని పేరే బెనిఫిట్స్. మొత్తం ఏడు. ఏడాదికోసారి ఇంటికి టికెట్టు, ఉండటానికి ఫ్లాటు, పళ్ళతో సహా వైద్యం, ఇలా ఉంటాయి. నా పళ్ళు గట్టివే గానీ, ఇచ్చిన హక్కు వాడుకోకపోతే బాగుండదని ఒకటి పీకించుకున్నాను. ఆరో బెనిఫిట్టు, ఉద్యోగి పిల్లల్లో ఒకరికి అదే స్కూల్లో ఉచితంగా సీటు. ఏడోది వృత్తిపరమైన ఎదుగుదల. నా కథంతా ఈ ఏడోది వచ్చి ఆరోదాని మీద పడటమే.

పార్వతీపురంలో నేను పన్నెండేళ్ళు పనిచేసిన ప్రైవేటు స్కూల్లో బెనిఫిట్టు ఒక్కటే. టీచర్స్ డేకి ఒక స్టీలు డబ్బా. పన్నెండు డబ్బాలూ మా ఆవిడ గౌరి వంటింట్లో వరసగా పెట్టి పప్పులు పోసుకుంది. మా నాన్న జూట్ మిల్లులో గోనెసంచులు కుట్టేవాడు. మా వంశంలో డిగ్రీ చదివినవాణ్ణి నేనే మొదటివాణ్ణి. మా అమ్మాయి మోక్షిత నాకంటే రెండు మెట్లు పైనుంచి మొదలెట్టాలని, ఆ ఆరో బెనిఫిట్టు కోసమే నేను విమానమెక్కాను. మిగతావి కొసరు.

మొదటి రోజు ఏడో తరగతికి భిన్నాలు చెప్పాను. గంట కొట్టే ముందు, మన దగ్గర ప్రతి మాస్టారూ అడిగినట్టే, "ఎనీ డౌట్స్?" అన్నాను. ఎవరూ మాట్లాడలేదు. అది మామూలే, మన దగ్గరా మాట్లాడరు. మామూలు కానిదేమిటంటే, వెనక వరసలో ఒక పిల్ల ఏడవటం మొదలెట్టింది.

మధ్యాహ్నానికి వెల్‌బీయింగ్ డైరెక్టర్ ఓడెట్ మేడమ్ నన్ను పిలిపించింది. వెల్‌బీయింగ్ అంటే పిల్లల మనసులు చూసుకునే శాఖ. ఆవిడ గదిలో కుర్చీలుండవు. దూది కూరిన పెద్ద పెద్ద మూటల్లాంటివి ఉంటాయి. కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. ఆ భంగిమలో ఎవరికైనా తప్పు ఒప్పుకోవాలనిపిస్తుంది. ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషు. నా శక్తికొద్దీ తెలుగు చేస్తున్నాను.

"మిస్టర్ పైడి, మీరు పిల్లల్ని సందేహాలున్నాయా అని అడిగారట."

"అడిగాను మేడమ్."

"దేని మీద? తమ మీదా, తల్లిదండ్రుల మీదా, దేవుడి మీదా?"

"భిన్నాల మీద మేడమ్."

మన దగ్గర డౌటంటే అర్థం కాని చోటు. వాళ్ళ దగ్గర డౌటంటే నమ్మకం పోయిన చోటు. ఈ తేడా నాకు ఎమ్మెస్సీలో చెప్పలేదు.

"దీన్ని ఒక సంఘటనగా నమోదు చేస్తున్నాను," అంది ఆవిడ. "మూడు సంఘటనలైతే కాంట్రాక్టు సమీక్షకు వస్తుంది."

రెండో సంఘటన అప్పటికే జరిగిపోయింది. నా గది తలుపు మీద ఆ పొద్దున్నే ఒక కాగితం అంటించాను: "డౌట్లు మధ్యాహ్నం 3.30 నుంచి 4.15 వరకు క్లియర్ చేయబడును."

ఇంటికెళ్ళి గౌరితో చెప్పాను, పెట్టెలు పూర్తిగా విప్పొద్దని. ఆ కాగితం పీకేద్దామని మర్నాడు వెళ్ళేసరికి, స్కూలుకి గుర్తింపునిచ్చే తనిఖీ బృందం దాని ముందు నిలబడి ఉంది. ఐదుగురు. అందులో పెద్దావిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంటోంది.

"ఇరవై రెండు దేశాలు తిరిగాం," అంటోంది ఆవిడ, మా హెడ్ ఆఫ్ స్కూల్ డాక్టర్ హెన్రిక్‌తో. "సందేహాన్ని ఇంత ధైర్యంగా తలుపుకి అంటించిన సంస్థని చూడలేదు. ఇది మీ తాత్విక దృక్పథమా?"

డాక్టర్ హెన్రిక్ వైద్యం డాక్టరు కాదు, విద్యా నాయకత్వంలో డాక్టరు. ఆయన కాగితం వైపు చూశాడు, నా వైపు చూశాడు. "చాలా కాలంగా ఇదే మా దృక్పథం," అన్నాడు. అప్పటికి ఆ కాగితం వయసు ఇరవై నాలుగు గంటలు.

వారం తిరక్కుండా నన్ను హెడ్ ఆఫ్ డౌట్ చేశారు. నా పాఠాలన్నీ తీసేశారు. ఈ స్కూళ్ళలో ఎదగడమంటే అదే, ఎదిగినవాడు పాఠం చెప్పకూడదు. నాకొక గది, గదిలో రెండు దూది మూటలు, తలుపు మీద నా పేరు. ఊళ్ళో నాన్నకి ఫోన్లో చెప్పాను. "దేనికి హెడ్డువి రా?" అన్నాడు. "డౌట్లకి నాన్నా," అన్నాను. "అలాగేటి. మా మిల్లులో కూడా అనుమానం ఆఫీసరొకడు ఉండీవోడు. గేటు కాడ సంచులు ఇప్పించి సూసీవోడు," అన్నాడు. ఆయనకి బాగానే అర్థమైందనుకున్నాను.

తరవాత డౌట్ పాలసీ వచ్చింది, నలభై ఒక్క పేజీలు. పైన నా ఫొటో. ప్రతి విద్యార్థికీ రోజుకి కనీసం మూడు డౌట్లుండాలి. వాటిని డౌట్ పుస్తకంలో రాసి, చీటీ మీదకెక్కించి, కారిడార్‌లోని డౌట్ గోడకి అంటించాలి. ఇంతవరకు నాకూ సంతోషమే. అడగని పిల్లల చేత అడిగిస్తున్నారు కదా అనుకున్నాను. ఇరవయ్యో పేజీలో తొమ్మిదో నియమం ఉంది: డౌట్లను క్లియర్ చేయరాదు.

నేను డాక్టర్ హెన్రిక్ దగ్గరికెళ్ళాను. ఓడెట్ మేడమ్ కూడా అక్కడే ఉంది.

"సార్, క్లియర్ చేయకపోతే డౌటు ఎందుకండీ?"

"మిస్టర్ పైడి," అన్నాడాయన ఓపిగ్గా, "మనుషులు అడవుల్ని క్లియర్ చేశారు. ఏమైంది?"

"ఎండలు పెరిగాయి సార్."

"చూశారా. ఆ పని పసివాళ్ళ మనసుల్లో చేద్దామా? మనం డౌటు వెంట నడుస్తాం. దానికి చోటిస్తాం. దాన్ని సత్కరిస్తాం."

నా తలుపు మీద కాగితం మార్చారు: "డౌట్లు 3.30 నుంచి 4.15 వరకు సత్కరించబడును." మా వైపు సత్కారమంటే శాలువా, దండ, ఒక మెమెంటో. డౌటుకి శాలువా ఎటునుంచి కప్పాలో తెలీక, వచ్చిన ప్రతి పిల్లాడికీ నిలబడి నమస్కారం పెట్టి పంపించేవాణ్ణి. పద్ధతి బాగుందని మిగతా స్టాఫుకి నా చేత శిక్షణ ఇప్పించారు.

పాలసీ త్వరగా పాకింది. తొమ్మిదో తరగతిలో డౌట్లు లేని కుర్రాడొకడు దొరికితే మూడు వారాలు కౌన్సెలింగుకి పంపారు. నలభై డౌట్లతో బయటికొచ్చాడు, అందులో ఒకటి తన పేరు మీద. వాళ్ళ నాన్న స్కూలంతా చాక్లెట్లు పంచాడు. ఫైర్ డ్రిల్ నాడు గంట మోగితే పిల్లలెవరూ కదల్లేదు. ఇది గంటేనా, మోగిందా, మోగినట్టు మనకనిపించిందా అని వరసగా చీటీలు రాస్తూ కూర్చున్నారు. చూడటానికొచ్చిన ఫైర్ ఆఫీసరు బయట ఎండలో ఒక్కడే నిలబడ్డాడు. ఆ డ్రిల్లుకి అంతర్జాతీయ బహుమతి వచ్చింది.

పరీక్షల్లో కూడా మార్పు చేశారు. జవాబు పక్కన ప్రశ్నార్థకం తప్పనిసరి. 42 అని రాస్తే సగం మార్కులు. 42? అని రాస్తే పూర్తి మార్కులు. 43? అన్నా పూర్తి మార్కులే. ఒకరోజు జవాబు పత్రాలు తిరగేస్తుంటే, జేబులో ఉన్న నా ఎర్ర పెన్ను మీద నాకే జాలేసింది.

ఇదంతా ఉద్యోగం కింద భరించాను. ఇంట్లోకి వచ్చేసరికి కష్టమైంది.

మోక్షితది ఆరో తరగతి. ఒక సాయంత్రం స్కూలు నుంచి వచ్చి బ్యాగు పడేసి, "అమ్మా, ఆకలేస్తోంది?" అంది.

గౌరి తిరిగి చూసింది. "అది నన్నడుగుతావేటే? నీ కడుపే కదా."

"ఏమో?" అంది మోక్షిత.

గౌరి నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయను.

ఆ పిల్లకి ఒక డౌటుంది. భిన్నాన్ని భిన్నంతో భాగించేటప్పుడు రెండోదాన్ని ఎందుకు తిరగెయ్యాలి? నిజమైన డౌటు. పన్నెండేళ్ళలో నన్ను ఆ మాట అడిగినవాళ్ళు నలుగురు కూడా లేరు. మిగతావాళ్ళు తిరగెయ్యమంటే తిరగేశారు. నా కూతురు అడిగింది, అడిగి గోడకంటించింది. గోడ మీద అది నెల బతికింది, రెండు నెలలు బతికింది. మిగతా పిల్లల చీటీలు రాలిపోతుంటే ఇది గట్టిగా నిలబడింది. నాలుగో నెల నిండగానే, స్కూల్లో ఎక్కువకాలం జీవించిన డౌటని దానికి కేకు కోశారు.

వాళ్ళ లెక్కల మాస్టారు వర్గీస్ నాకు స్నేహితుడే. పాలక్కాడ్ మనిషి. స్టాఫ్ రూంలో పట్టుకుని అడిగాను. ఆయన అటూ ఇటూ చూసి, "పైడి సార్, చెప్పాలని నాలుక పీకుతుంది. కానీ నాకూ ఆరో బెనిఫిట్టు ఉంది," అన్నాడు. "మీకొక పాప. నాకు కవలలు. ఒక సీటు మీద ఇద్దర్ని చదివిస్తున్నాను, రోజు మార్చి రోజు. పాలసీ వచ్చాక ఎవరూ కచ్చితంగా చెప్పలేకపోతున్నారు, వచ్చింది ఏ అబ్బాయో."

మోక్షిత కేకు ముక్క డబ్బాలో పెట్టి ఇంటికి తెచ్చింది. మీద క్రీముతో ప్రశ్నార్థకం వేసి ఉంది.

"ఏటండీ ఇది?" అంది గౌరి. "కేకు కోసీసినారు, ఫొటో తీసీసినారు, లెక్క మాత్రం సెప్పలేదు. గుంటకి లెక్క రాలేదని పుట్టినరోజు సేస్తారేటి ఎక్కడైనా?"

"పాలసీ గౌరీ."

"ఆ పాలసీ మీద ఫొటో ఎవుడిది?"

నేను కేకు డబ్బాకి మూత పెట్టాను.

"మీరు హెడ్డే కదా. మీరే సెప్పీయండి."

"హెడ్డుని కాబట్టే చెప్పకూడదు. తెలిస్తే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే సీటు పోతుంది."

"సీటుంది," అంది గౌరి. "సీట్లో కూకుని గుంట నేర్సుకున్నదేటి? ఆకలేస్తందో లేదో కూడా తెల్దు దానికి."

ఆ శుక్రవారం స్కూలుకి సెలవు. అక్కడ వారాంతం శుక్ర, శనివారాలు. పొద్దున్న గౌరి అట్లు పోస్తోంది. మోక్షిత పళ్ళెంలో అట్టుని నాలుగు ముక్కలు చేసి ఒకటి తినేసింది. పళ్ళెం వైపు చూస్తే నాకు చెయ్యి దురదపెట్టింది.

"మోక్షీ, పళ్ళెంలో ఎంత ఉంది?"

"ముప్పావు?"

"ప్రశ్న వద్దమ్మా. కళ్ళెదురుగా ఉంది."

పిల్ల కిటికీ వైపు చూసింది, ఎవరైనా వింటున్నారేమోనని. "ముప్పావు," అంది మెల్లిగా.

"అందులో పావులెన్ని?"

"మూడు."

"మరి అరలెన్ని? భాగించడమంటే అంతే. ఇందులో అవి ఎన్ని ఉన్నాయని అడగటం."

రెండు ముక్కలు కలిపి పక్కకి జరిపింది. "ఒక అర. ఇంకో పావు మిగిలింది. పావంటే... అరలో సగం. ఒకటిన్నర."

"ఇప్పుడు చూడు. ఒక నిండు అట్టులో అరలెన్ని?"

"రెండు."

"అందుకే అరతో భాగించడమంటే రెండుతో గుణించడం. నీ దగ్గర నిండు అట్టు లేదు, ముప్పావే ఉంది. కాబట్టి రెండులో ముప్పావు. ఒకటిన్నర."

మోక్షిత పళ్ళెం వైపు చూసింది. "ఓ," అంది. "తిరగెయ్యడం అంటే ఇదా నాన్నా. అంతేనా."

మాస్టార్లకి జీతం కాక ఇంకోటి కూడా ఉంటుంది. ఆ "ఓ". గులాబిరంగు కాగితంలో అది రాయలేదు.

ఆదివారం మోక్షిత స్కూలుకెళ్ళి, నిజాయితీగా, గోడ మీంచి తన చీటీ పీకి చెత్తబుట్టలో వేసింది. మధ్యాహ్నానికి స్టాఫందరికీ సర్క్యులర్ వచ్చింది. "ఆరో తరగతి విద్యార్థిని మోక్షితకు చెందిన, నాలుగు నెలల ఐదు రోజుల వయసు గల డౌటు అనుమానాస్పద పరిస్థితుల్లో అంతరించినది. విచారణకు కమిటీ వేయడమైనది." కింద నాకు విడిగా ఒక వాక్యం: నిందితుడు హెడ్ ఆఫ్ డౌటే అయినందున, రుజువైతే కాంట్రాక్టు రద్దు, ఏడు బెనిఫిట్లూ నెలాఖరుకి నిలుపుదల. రెండోదాన్నే పాలసీ చేసుకున్నా, లెక్కకి ఇది నా మూడో సంఘటన.

విచారణ మంగళవారం. పిల్లని కూడా తీసుకురమ్మన్నారు. బయల్దేరే ముందు గౌరి దానికి జడలేస్తూ చెప్పింది. "నాకింకా డౌటే ఉందని సెప్పీయి తల్లీ. అంతే. సీటు నిలబడతాది. ఇంటికొచ్చీసాక నీకు తెలిసిందే తెలిసింది."

"అబద్ధం కదా అమ్మా," అంది మోక్షిత. ప్రశ్నార్థకం లేకుండా.

గౌరి రిబ్బను ముడి రెండుసార్లు వేసింది.

కమిటీ అంటే డాక్టర్ హెన్రిక్, ఓడెట్ మేడమ్. ఒక క్లర్కు మినిట్స్ రాస్తున్నాడు. అందరం దూది మూటల మీద మోకాళ్ళు గడ్డాలకి ఆనించి కూర్చున్నాం. చెత్తబుట్టలో దొరికిన చీటీని ప్లాస్టిక్ కవర్లో పెట్టి బల్ల మీద ఉంచారు.

"డియర్," అంది ఓడెట్ మేడమ్, "ఎవరైనా నీ డౌటుని ఏమైనా చేశారా? భయపడకు. అది ఇంకా నీలో ఉందా?"

మోక్షిత నా వైపు చూసింది. "ఉంది?" అంది.

ఓడెట్ మేడమ్ ముఖం వికసించింది. డాక్టర్ హెన్రిక్ కూడా తల ఊపాడు. నేను ఊపిరి వదిలాను. అక్కడితో అయిపోవాల్సింది. కానీ క్లర్కు, ఫారంలో ఇంకో గడి ఖాళీగా ఉందన్నాడు. ఆచరణాత్మక నిర్ధారణ. డాక్టర్ హెన్రిక్ కాగితం చూసి చదివాడు: "మూడు బై నాలుగుని, ఒకటి బై రెండుతో భాగించు."

మోక్షిత పెదాలు కదిలాయి. దాని చూపు బల్ల మీదుంది గానీ, అది చూస్తున్నది అట్టు పళ్ళాన్నని నాకు తెలుసు. తెలిసినదాన్ని నోట్లో ఆపుకోవడం పదకొండేళ్ళ పిల్లకి ఎంత కష్టమో, ఎర్రబడుతున్న దాని చెవులు చెప్పాయి.

"ఒకటిన్నర," అంది.

ప్రశ్నార్థకం వస్తుందేమోనని అందరం ఎదురుచూశాం. రాలేదు.

డాక్టర్ హెన్రిక్ ఓడెట్ మేడమ్ వైపు చూశాడు. ఆవిడ క్లర్కు వైపు చూసింది. క్లర్కు ఫారం తిరగేశాడు. జవాబు వెనక కూడా లేదు. ఒకటిన్నర తప్పయితే డౌటు బతికున్నట్టు, రైటయితే చంపినట్టు. సంగతి అంతవరకు అందరికీ అర్థమైంది. అది రైటో తప్పో గదిలో ఉన్న పెద్దవాళ్ళలో నా ఒక్కడికే తెలుసు.

"మిస్టర్ పైడి," అన్నాడు డాక్టర్ హెన్రిక్ గొంతు సవరించుకుని, "వృత్తిరీత్యా మీ అభిప్రాయం?"

తప్పని ఒక్క మాట అంటే చాలు. ఫ్లాటు, టికెట్టు, మిగిలిన పళ్ళు, సీటు, అన్నీ ఉంటాయి. మోక్షిత నా ముఖంలోకి చూస్తోంది. ఆ పిల్ల చెప్పిన రైటు జవాబుని నేను తప్పంటే, ఆ తరవాత దానికి ఎవరు ఏం చెప్పినా నమ్మదు. అప్పుడొస్తుంది దానికి అసలు డౌటు, ఓడెట్ మేడమ్ మొదటి రోజు భయపడిన రకం.

జేబులోంచి ఎర్ర పెన్ను తీశాను. బల్ల మీదున్న ఫారం జరుపుకుని, క్లర్కు రాసిన 'ఒకటిన్నర' పక్కన రైటు గుర్తు పెట్టాను.

"రైటండీ," అన్నాను.

కమిటీ పక్క గదిలోకి వెళ్ళింది. నలభై నిమిషాల తరవాత వచ్చారు. డాక్టర్ హెన్రిక్ నిలబడి చదివాడు. "జవాబు సరైనదని మిస్టర్ పైడి నిశ్చయంగా చెప్పారు. అయితే పాలసీ పద్నాలుగో నియమం ప్రకారం ఏ ఉద్యోగి నిశ్చయాన్నీ మినిట్స్‌లో నమోదు చేయరాదు. ప్రశ్నార్థకంతో మాత్రమే నమోదు చేయవచ్చు. కావున 'రైటు?' అని నమోదు చేయడమైనది. నేరం జరిగిందా లేదా అన్నది తేల్చడం పాలసీకి విరుద్ధం. మిస్టర్ పైడికి బెనిఫిట్ ఆఫ్ డౌట్ ఇవ్వడమైనది."

క్లర్కు లేచి, నా గులాబిరంగు కాగితం అడిగి తీసుకున్నాడు. కింద ఎనిమిదోదిగా రాసి స్టాంపు కొట్టి ఇచ్చాడు.

నేను బయటికొస్తుంటే డాక్టర్ హెన్రిక్ కారిడార్‌లో వెనకే వచ్చాడు. మోక్షిత ముందుకెళ్ళేదాకా ఆగాడు.

"మిస్టర్ పైడి, ఇది మన మధ్యనే ఉండాలి," అన్నాడు గొంతు తగ్గించి. "అసలు రెండోదాన్ని ఎందుకు తిరగేస్తారు? చిన్నప్పుడు అడిగితే మా మాస్టారు బయట నిలబెట్టాడు. నలభై ఏళ్ళైంది."

పాపమనిపించింది. కానీ నేను బెనిఫిట్ ఆఫ్ డౌట్ మీదున్న మనిషిని. నిటారుగా నిలబడి, రెండు చేతులూ జోడించి, దాన్ని సత్కరించాను. తరవాత, శుక్రవారం పొద్దున్న మా ఇంట్లో అట్లు పోస్తారని మాత్రం చెప్పాను. వస్తున్నాడు. గౌరి ఆయనకి ఉల్లిపాయ అట్టు పోస్తుంది. వర్గీస్ కవలలు కూడా వస్తున్నారు, ఒకేసారి ఇద్దరూ.

కాబట్టి మిత్రులారా, లాభాలు ఎనిమిది. ధైర్యంగా రండి.

మోక్షిత విషయం చెప్పి ముగిస్తాను. సీటు నిలబడింది. ఖాళీ అయిన స్థానంలో సోమవారంలోగా కొత్త డౌటు పెట్టాలన్నది కమిటీ ఒకే ఒక షరతు. పిల్ల ఒక రాత్రంతా ఆలోచించక్కర్లేకపోయింది, బస్సులోనే రాసేసింది. తనిఖీ బృందం మళ్ళీ వచ్చినప్పుడు ఆ చీటీ చూసి, ఇంత లోతైన డౌటు ఇరవై మూడు దేశాల్లో చూడలేదని దానికి అద్దం కట్టించింది. ఇప్పుడది మెయిన్ గేటు లోపల, అందరికీ కనిపించేలా ఉంది. తొమ్మిదో నియమం గట్టిగా అమలవుతోంది గనక దానికి ఏ భయమూ లేదు, వచ్చే నెల దాని పుట్టినరోజు, కేకు కూడా చెప్పేశారు.

చీటీలో ఇలా ఉంది: "మా స్కూల్లో పాఠం ఎప్పుడు చెప్తారు?"